ఉంది... కానీ దొరకదు!

కంప్యూటర్‌లో ఒక తెలుగు మాట కొట్టి వెతుకుతారు. ‘ఫలితాలు సున్నా’ అంటుందది. ఆ మాట ఉన్న పుస్తకం అందులోనే ఉంటుంది. మీరు కొట్టిన మాటలోనూ తప్పుండదు. మరెందుకు దొరకదు? ఆ గుట్టు తెలుసుకోవాలంటే ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్... ఈ రెండు పేర్లు చాలు!

నిజాం రాజ్యంలో తెలుగు కవులు ‘పూజ్యం’ అని వెనకటికో పండితుడు తేల్చేశాడు. పూజ్యం అంటే ఇక్కడ పూజించదగిన వారని కాదు, సున్నా అని. ఆ మాట పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డికి ములుకులా గుచ్చుకుంది. 1926 నుంచి హైదరాబాద్‌లో ‘గోలకొండ పత్రిక’ నడుపుతున్న ఆయన వాదనకు దిగలేదు. వెతకడం మొదలుపెట్టారు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించారు. 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చయింది. అందులో ఎంతమంది కవులున్నారో తెలుసా? 354 మంది!

సున్నా అన్నచోట మూడువందల యాభై నాలుగు. కవులు అప్పటికప్పుడు పుట్టుకురాలేదు. ముందు నుంచీ ఉన్నారు. వాళ్లను ఒకచోట చేర్చి, ఫలానావారు ఫలానాచోట ఉన్నారని చెప్పే జాబితా లేదు, అంతే.

ఈరోజు కంప్యూటర్ ‘సున్నా’ అన్నప్పుడూ చాలాసార్లు జరుగుతున్నది ఇదే. పాలమూరులో ఓ అమ్మాయి ఉందనుకుందాం. ఆమె ముత్తాత ఆ 354 మందిలో ఒకరు. పాత పత్రికలు, పుస్తకాలు ఎక్కించిన ఓ కంప్యూటర్ భాండాగారంలో ముత్తాత పద్యం కోసం ఆమె వెతుకుతోంది. ఆయన పేరు కొట్టింది. సున్నా. ఊరి పేరు కొట్టింది. సున్నా. ‘మా తాత నిజంగా ఏమీ రాయలేదేమో’ అనుకుని కంప్యూటర్ కట్టేసింది.

ఆమె అక్కడే పొరబడింది. ఎలాగో చూద్దాం.

చదివింపుల పుస్తకం

పెళ్లిలో చదివింపులు రాసే పుస్తకం చూసే ఉంటారు. ఎవరు ముందొస్తే వారి పేరు ముందు రాస్తారు. నాలుగేళ్ల తర్వాత దేవరకొండ మేనమామ ఇంట్లో పెళ్లి. ఆయన మనకెంత చదివించారో చూడాలి. పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిరగేయాల్సిందే. అదే ఇంటి ఇల్లాలు తెలివిగా ఇంకో నోటుపుస్తకం పెట్టి, అందులో పేర్లన్నీ అకారాదిగా రాసి, ఒక్కో పేరు పక్కన ‘పుస్తకంలో ఫలానా పేజీ’ అని వేసుకుంటే? క్షణంలో పని.

కంప్యూటర్‌లో పుస్తకాలను వెతికే విధానం అచ్చంగా ఇదే. మీరు మాట కొట్టగానే అది లక్ష పేజీలూ చదవదు. ముందే ఒక్కో పేజీలోని మాటలన్నీ విడదీసి, ఒక్కో మాట ఎదురుగా అది ఉన్న పేజీల నంబర్లు రాసి పెట్టుకుంటుంది. ఆ రెండో నోటుపుస్తకమే ఇండెక్స్. 13వ శతాబ్దంలో పారిస్‌లో హ్యూ అనే క్రైస్తవ సన్యాసి, తన తోటివారి సాయంతో, బైబిల్‌లోని మాటలన్నిటికీ ఇలాంటి సూచికే తయారుచేయించాడు. కంప్యూటర్ వచ్చాక పని వేగం పెరిగింది గానీ కిటుకు పాతదే.

ఇందులోనే చిక్కూ ఉంది. వెతుకులాటంతా రెండో పుస్తకంలోనే జరుగుతుంది. అసలు పుస్తకం వైపు కంప్యూటర్ తొంగి కూడా చూడదు. రెండో పుస్తకంలోకి మాట తప్పుగా ఎక్కితే, అసలు పుస్తకంలో అది ఎంత చక్కగా ఉన్నా దొరకదు.

ఇల్లాలి పేరు పెట్టుకున్న లూసీన్

ఇలాంటి ఇండెక్స్ తయారుచేసి వెతికిపెట్టే ప్రోగ్రాముల్లో పేరున్నది ‘లూసీన్’. అమెరికాకు చెందిన డగ్ కటింగ్ 1990ల చివర్లో దీన్ని రాశాడు. లూసీన్ అన్నది ఆయన భార్య పేరులోని మధ్య మాట. (తర్వాత ఆయనే ఇంకో ప్రోగ్రాముకు కొడుకు ఆడుకునే ఏనుగుబొమ్మ పేరు ‘హడూప్’ పెట్టాడు!) 2001లో లూసీన్ అపాచీ ఫౌండేషన్ నీడలోకి వచ్చింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు.

కంప్యూటర్‌వాళ్లు దీన్ని ‘లైబ్రరీ’ అంటారు. పుస్తకాలుండే గ్రంథాలయం అనుకునేరు! వేరే ప్రోగ్రాములు అరువు తెచ్చుకుని వాడుకునే సిద్ధ సరుకు అని అర్థం. దాని మీద కట్టిన మేడలు చాలా ఉన్నాయి. లండన్‌లో వంట నేర్చుకుంటున్న తన భార్యకు వంటకాల వివరాలు వెతుక్కునే ప్రోగ్రాము చేసిద్దామని షే బానన్ అనే ఇంజినీరు లూసీన్‌తో కుస్తీ మొదలుపెట్టాడు. ఆ కుస్తీ ముదిరి, 2010లో ‘ఎలాస్టిక్‌సెర్చ్’ పుట్టింది. అది ప్రపంచమంతా పాకింది. వంటకాల ప్రోగ్రాము కోసం మాత్రం ఆమె ఇంకా ఎదురుచూస్తూనే ఉందని ఆ సంస్థవాళ్లే జోకు వేసుకుంటారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో వెతుకులాటకు కూడా ముందు లూసీన్, 2014 నుంచి దాని మీద కట్టిన ఎలాస్టిక్‌సెర్చ్ ఊతమిచ్చాయి.

ఇంత పేరున్న పనిముట్టు కూడా తెలుగు ముందుకొచ్చేసరికి తడబడుతుంది. ఎందుకంటే అది పుట్టిన ఇంట్లో మాటలు వేరు, మన మాటలు వేరు.

నల్లగొండ ముక్కలైంది!

ఇండెక్స్‌కు ముందు వాక్యాన్ని మాటలుగా కోయాలి. ఎక్కడ కోయాలి? ‘అక్షరం కానిది ఎక్కడ కనిపిస్తే అక్కడ’ అన్నది ఒక తేలిక పద్ధతి. ఇంగ్లిషుకు అది సరిపోయింది. కానీ కంప్యూటర్ లెక్కలో మన గుణింతాలు, పొల్లు, సున్న అక్షరాలు కావు, అక్షరానికి తగిలించే గుర్తులు. ఆ కత్తితో కోస్తే ‘నల్లగొండ’ ఏమవుతుందో తెలుసా? ‘నల’, ‘లగ’, ‘డ’ అనే మూడు ముక్కలు! ‘పాలమూరు’ కాస్తా ‘ప’, ‘లమ’, ‘ర’ అవుతుంది. ఇక ఇండెక్స్‌లో నల్లగొండ ఎక్కడుంటుంది?

2011లో వచ్చిన లూసీన్ 3.1 కూర్పు నుంచి దాని ప్రామాణిక కత్తెర యూనికోడ్ నియమాల ప్రకారం కోస్తోంది కాబట్టి మన మాటలు ముక్కలు కావు. కానీ పాత, తేలిక కత్తెరలు కూడా ఆ పెట్టెలో ఇంకా ఉన్నాయి. తెలియక వాటిని ఎంచుకున్నవారి దగ్గర నల్లగొండ ఇప్పటికీ ముక్కలవుతుంది.

అన్నట్టు, మన పూర్వికులకు ఈ గొడవ కొత్తేమీ కాదు. పానగల్లులోనో అలంపురంలోనో పాత శాసనం చూడండి. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. ఎక్కడ విరవాలో చదివేవాడికే తెలియాలి. శాసనం చదివే పండితుడు చేసే మొదటి పనీ, కంప్యూటర్ చేసే మొదటి పనీ ఒక్కటే. తేడా అల్లా పండితుడికి భాష తెలుసు.

కనిపించని అక్షరం

ఇప్పుడు రెండో జిల్లా. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరుమీద 1890లో పాలమూరు మహబూబ్‌నగర్ అయింది. ఈ పేరు రాసేటప్పుడు బ-కు పొల్లు ఇచ్చి, దాని పక్కన న రాయాలి. మామూలుగా కొడితే న వెళ్లి బ కింద వత్తుగా కూర్చుని ‘మహబూబ్నగర్’ అవుతుంది. అలా కూర్చోకుండా ఉండటానికి రెండింటి మధ్య ఒక కనిపించని గుర్తు కొడతారు. దానికి ఆకారం లేదు, చోటు లేదు. కానీ కంప్యూటర్‌కు అదీ ఓ అక్షరమే. కొందరు ఆ బాధ పడలేక మధ్యలో ఖాళీ వదిలి ‘మహబూబ్ నగర్’ అని రాస్తారు.

అంటే ఒక్క ఊరికి ఇండెక్స్‌లో మూడు వేర్వేరు చోట్లు. మూడోదాంట్లోనైతే ఊరే రెండు ముక్కలు. ‘మహబూబ్’ ఒకచోట, ‘నగర్’ ఇంకోచోట!

వనపర్తి దగ్గరి కోట ఊరు ‘పానగల్’ సంగతి ఇంకా విచిత్రం. చివర పొల్లు తర్వాత కనిపించని గుర్తు కొట్టినా, కొట్టకపోయినా తెర మీద ఒకేలా కనిపిస్తుంది. పేజీలో ‘పానగల్’ కళ్లెదురుగానే ఉంటుంది. మీరూ అదే కొడతారు. కంప్యూటర్ మాత్రం లేదంటుంది. పిచ్చెక్కదూ?

ఐత్వంతోనూ ఇలాంటి తంటానే. యూనికోడ్‌లో ‘రై’ని ఒకే గుర్తుతో రాయొచ్చు, ఎత్వానికి కింద మరో గుర్తు చేర్చి రెండుగానూ రాయొచ్చు. రెండూ సమానమేనని యూనికోడ్ చెప్పింది గానీ, ఆ సమానత్వాన్ని అమలుచేసే బాధ్యత ఇండెక్స్ తయారుచేసేవారిదే. చేయకపోతే నల్లగొండ వాసులకు బాగా తెలిసిన ‘ఫ్లోరైడ్’ అనే మాట రెండైపోతుంది.

మందు ఒక్కటే. ఇండెక్స్‌లోకి ఎక్కించే ముందు మాటలన్నిటినీ ఒక జల్లెడలో పోయాలి. కనిపించని గుర్తులు తీసేయాలి. రెండు రకాల ఐత్వాన్ని ఒకటి చేయాలి. ‘౧౯౩౪’ను ‘1934’ చేయాలి. లూసీన్‌లో అంకెలను ఇలా మార్చే జల్లెడ ఉంది. 9వ కూర్పులో తెలుగుకంటూ ప్రత్యేక ఏర్పాటు కూడా చేరింది. అయితే అది దానంతటది రంగంలోకి దిగదు. ‘ఇది తెలుగు’ అని ఎవరో ఒకరు చెప్పాలి.

ముఖ్యమైన సంగతి మరొకటి. పుస్తకాన్ని ఏ జల్లెడలో పోశారో, మీరు కొట్టిన మాటనూ అదే జల్లెడలో పోయాలి. అక్కడొకటి, ఇక్కడొకటి అయితే రెండూ ఎప్పటికీ కలవవు. వెతుకులాట పనిచేయడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

రాములు, రాము ఒక్కరేనా?

తెలుగు మాటకు తోకలెక్కువ. నల్లగొండలో, నల్లగొండకు, నల్లగొండ నుంచి, నల్లగొండవాళ్లు, నల్లగొండేనా... కంప్యూటర్‌కు ఇవన్నీ వేర్వేరు మాటలు. ‘చెరువు’ అని వెతికితే ‘చెరువులో’ దొరకదు. ‘నీరు’ అంటే ‘నీళ్లు’, ‘నీటి’ దొరకవు. ‘ఊరు’ అంటే ‘ఊళ్లలో’ దొరకదు.

అందుకని తోకలు కత్తిరించే ప్రోగ్రాము పెడతారు. లు, లో, కు, కి, ని... కనిపిస్తే కోసేయ్! బాగానే ఉంది. కానీ ‘ఆకు’లో కు తోక కాదు. కోస్తే ‘ఆ’ మిగులుతుంది. ‘పాలు’, ‘కాలు’ ఏం కావాలి? పాలమూరు, నల్లగొండ పల్లెల్లో రాములు, సాయిలు అనే పేర్లు కొల్లలు. ఆ ‘లు’ బహువచనం కాదు, పేరులో భాగం. కోస్తే రాములు కాస్తా రాము అయిపోతాడు. ఇద్దరూ ఒకే ఖాతాలో పడతారు. మరీ పొట్టి మాటలను కోయకూడదని, ఫలానా పేర్ల జోలికి పోకూడదని ముందే చెప్పి పెట్టాలి.

మాట చివర నక్షత్రం గుర్తు పెట్టి ‘నల్లగొండ*’ అని వెతికే అలవాటు కొందరికుంది. ఆ మాటతో మొదలయ్యేవన్నీ రావాలని. మంచిదే. కానీ తోకలు కోసిన ఇండెక్స్‌లో అది బెడిసికొట్టవచ్చు. ‘చెరువులు’ అన్న మాట అక్కడ ‘చెరువు’గా మారి కూర్చుంది. నక్షత్రం పెట్టిన మాటకు మామూలుగా తోక కోయరు. మీరు ‘చెరువుల*’ అని వెతికితే అలా మొదలయ్యే మాటే లేదంటుంది. ఎక్కువ అక్షరాలు కొట్టిన పాపానికి తక్కువ ఫలితాలన్నమాట!

పేర్ల రాత సంగతి సరేసరి. కృష్ణయ్య - కిష్టయ్య. లక్ష్మమ్మ - లచ్చమ్మ. ఎల్లయ్య - యెల్లయ్య. నరసింహ - నర్సింహ - నర్సింహులు. పిలిచేదొకటి, బళ్లో రాసిందొకటి, బ్యాంకు పుస్తకంలో ఇంకొకటి. పలుకుబడిని బట్టి పేర్లు కలిపే ‘సౌండెక్స్’ పద్ధతికి అమెరికాలో 1918లోనే పేటెంట్ ఇచ్చారు. ఒకటి రెండు అక్షరాలు అటూ ఇటూ అయినా పట్టుకునే ఏర్పాటు లూసీన్‌లో ఉంది. పాత పద్యం వెతకడానికి అది చాలా మేలు. పింఛను జాబితాలోనో, కూలి జాబితాలోనో పేరు చూసేటప్పుడు మాత్రం జాగ్రత్త కావాలి. వదులుగా వెతికితే వేరేవారి పేరు మనదనిపిస్తుంది. బిగించి వెతికితే మన పేరే లేదనిపిస్తుంది. ఉపాధి హామీ పథకం 2006లో తొలి విడత మొదలైన జిల్లాల్లో ఈ రెండూ ఉన్నాయి. వలస పోయే పాలమూరు కూలీకి జాబితాలో పేరు దొరకడం, దొరక్కపోవడం ఆషామాషీ విషయం కాదు. కంప్యూటర్ ‘లేదు’ అన్నప్పుడు మనిషి మరోసారి చూడాల్సింది ఇలాంటిచోటే.

పిల్లలమర్రి ఎక్కడుంది?

దొరక్కపోవడం ఒక బాధ. అక్కర్లేనివి దొరకడం ఇంకో బాధ. ‘పిల్లలమర్రి’ అని వెతకండి. పాలమూరువాళ్లకు అది ఊరి పక్కన ఎకరాల కొద్దీ పరుచుకున్న మర్రిచెట్టు. 2018లో చెదలు పట్టినప్పుడు సెలైన్ సీసాల్లాంటివి కట్టి మందు ఎక్కించారే, ఆ మహావృక్షం. నల్లగొండవైపువాళ్లకు అది సూర్యాపేట దగ్గర కాకతీయుల కాలంనాటి గుళ్లున్న ఊరు. సాహిత్యం చదివినవాళ్లకు 15వ శతాబ్దపు కవి పిల్లలమర్రి పినవీరభద్రుడి ఇంటిపేరు. అదే మాటను ‘పిల్లల మర్రి’ అని విడదీసి కొడితే పిల్లల పెంపకం, పిల్లల పాటలు కూడా వచ్చి పడతాయి!

‘నీలగిరి’ కూడా అంతే. నల్లగొండ పాతపేరు నీలగిరి అంటారు. 1922లో షబ్నవీసు వెంకట రామనరసింహారావు ఇక్కడి నుంచి నడిపిన పత్రిక పేరు ‘నీలగిరి’. ఆ మాట కొడితే వచ్చేవి ఊటీ కొండలు, నీలగిరి చెట్లు, జలుబుకు వాడే నీలగిరి తైలం!

ఇలాంటప్పుడు రెండు ఉపాయాలున్నాయి. ఒకటి, మాటలను ఉల్లిగుర్తుల్లో పెట్టడం. అప్పుడు అవి పక్కపక్కనే ఉన్న పేజీలే వస్తాయి. రెండోది, తోడుగా అరుదైన మాట చేర్చడం. ‘పిల్లలమర్రి గుడి’ కన్నా ‘పిల్లలమర్రి ఎరకేశ్వర’ మేలు. అన్ని పేజీల్లో ఉండే మాటకు విలువ తక్కువ, కొద్ది పేజీల్లోనే ఉండే మాటకు విలువ ఎక్కువ అనే సూత్రాన్ని బ్రిటన్ శాస్త్రవేత్త కారెన్ స్పార్క్ జోన్స్ 1972లో చెప్పారు. ఏ పేజీ పైన రావాలో తేల్చడానికి ఇప్పటికీ ఆ సూత్రమే పునాది.

మరీ మామూలు మాటలను కొందరు ఇండెక్స్‌లోకి ఎక్కనివ్వరు. అతడు, ఆమె, మనం, ఒక... ఇవి అన్నిచోట్లా ఉంటాయి కదా, దండగని. కానీ 2005లో వచ్చిన సినిమా పేరు ‘అతడు’. 2014 సినిమా ‘మనం’. అలాంటి ఇండెక్స్‌లో ఆ సినిమాలకు చోటుండదు!

మత్తడి అంటే అలుగే

ఇంకో చిక్కు భాషది కాదు, మనుషులది. చెరువు నిండి నీళ్లు పొర్లే చోటును తెలంగాణలో ‘మత్తడి’ అంటారు. పుస్తకంలో ‘అలుగు’ అని ఉండొచ్చు. పాత పుస్తకంలో ‘చెరువు’ కాదు, బండి ఱ-తో ‘చెఱువు’ ఉంటుంది. ఫ్లోరైడ్ గురించి వెతికేవారికి డాక్టర్ల వ్యాసంలో ‘ఫ్లోరోసిస్’ అని, ఊళ్లో వాడుకలో ‘ఫ్లోరిన్’ అని కనిపిస్తుంది. నీటిలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. ప్రపంచమంతా దాన్ని ‘నల్గొండ టెక్నిక్’ అంటుంది. ఇంగ్లిషు అక్షరాల్లో. తెలుగులో ‘నల్లగొండ’ అని కొట్టేవారికి అది ఎదురుపడదు.

పైగా జిల్లాలే మారాయి. 2016 అక్టోబరులో నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరుపడ్డాయి. మహబూబ్‌నగర్ నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల, 2019లో నారాయణపేట జిల్లాలు వచ్చాయి. పిల్లలమర్రి గుళ్లను పాత పుస్తకాలు నల్లగొండ జిల్లా అంటాయి, కొత్తవి సూర్యాపేట అంటాయి. సురవరం ఊరు ఇటిక్యాలపాడు పాత రాతల్లో మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు జోగులాంబ గద్వాల.

ఇది దానంతటది కంప్యూటర్‌కు తెలియదు. ‘మత్తడి అన్నా అలుగు అన్నా ఒకటే, పాలమూరు అన్నా మహబూబ్‌నగర్ అన్నా ఒకటే’ అని సమానార్థకాల పట్టిక రాసి ఇవ్వాలి. ఆ పట్టిక అమెరికాలోనో లండన్‌లోనో ఉన్న ఇంజినీరు రాయలేడు. ఊరి మాట తెలిసినవాళ్లే రాయాలి. మన బడిపంతుళ్లు, లైబ్రేరియన్లు చేయగల పని ఇది.

తాళం ఎక్కడ పడింది?

వెతుకులాట పనిచేయనప్పుడు నిపుణులు గుడ్డిగా అన్నీ మార్చరు. ఇంట్లో కరెంటు పోతే ముందు ఫ్యూజు, తర్వాత వైరు, తర్వాత బల్బు చూసినట్టు వరస పాటిస్తారు.

మొదటి ప్రశ్న: అసలు పుస్తకం ఇండెక్స్‌లోకి ఎక్కిందా? 2000ల్లో స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు చాలావరకు ఫొటోలే. మనకు అక్షరాలు కనిపిస్తాయి. కంప్యూటర్‌కు అది బొమ్మ. బొమ్మను అక్షరాలుగా మార్చాకే వెతకడం. మార్చేటప్పుడూ మ-ను య అని, ద-ను ధ అని పొరబడటం ఉంటుంది. ఆ రోజుల్లో పత్రికల వెబ్‌సైట్లు వాడిన సొంత ఫాంట్లదీ ఇదే కథ. తెర మీద తెలుగు, లోపల ఏవేవో గుర్తులు. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకు చోటు దొరికినా అందరూ అటు మళ్లడానికి చాలా ఏళ్లు పట్టింది.

రెండో ప్రశ్న: పుస్తకం మొత్తం ఎక్కిందా? లూసీన్ పాత కూర్పులు మామూలుగా ఒక పుస్తకంలో మొదటి 10,000 మాటలే ఎక్కించుకుని ఆగిపోయేవి. లావుపాటి సంకలనంలో చివర ఉన్న కవి గతేంకాను?

మూడోది: కొత్తగా ఎక్కించినది కనిపిస్తోందా? గ్రంథాలయానికి కొత్త పుస్తకాలొచ్చినా, కట్ట విప్పి కార్డులు రాసేదాకా పాఠకుడికి అవి లేనట్టే. ఇండెక్స్ కూడా అంతే. మార్పులు ఖాయం చేసి, వెతికే కిటికీని మళ్లీ తెరిస్తేనే కొత్తవి కనిపిస్తాయి.

నాలుగోది: ఇండెక్స్‌లో ఆ మాట ఏ రూపంలో ఉంది? దీనికి ‘ల్యూక్’ అనే పనిముట్టుంది. ఇండెక్స్ పొట్ట విప్పి లోపలి మాటలన్నీ చూపిస్తుంది. 2019 నుంచి లూసీన్‌తో పాటే వస్తోంది. ‘నల’, ‘లగ’, ‘డ’ లాంటి వింతలు ఇక్కడే బయటపడతాయి.

అయిదోది: మీరు కొట్టిన మాట జల్లెడ దాటాక ఏమైంది? నాలుగోదానికి వచ్చిన జవాబు, దీనికి వచ్చిన జవాబు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. నూటికి తొంభైసార్లు అని లెక్కకట్టి చెప్పలేంగానీ, చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

వీటిలో మొదటి ప్రశ్న మనబోటి మామూలువాళ్లూ వేసుకోవచ్చు. మిగతావి ఆ భాండాగారం నడిపేవారిని అడగొచ్చు. మన చేతిలో ఉన్న పని మరొకటుంది. ఒకే మాటను అయిదారు రకాలుగా కొట్టి చూడటం. నల్లగొండ, నల్గొండ, నీలగిరి. చెరువు, చెఱువు, చెరువులో. కృష్ణయ్య, కిష్టయ్య. ఇంటిపేరుతో ఒకసారి, లేకుండా ఒకసారి.

మళ్లీ ఆ అమ్మాయి దగ్గరకు వద్దాం. ముత్తాత పేరు ఆమె ఇంట్లో పిలిచే తీరులో కొట్టింది. 1934 నాటి పుస్తకంలో అది అప్పటి వాడుక ప్రకారం ఉంటుంది. ఊరి పేరు ఇప్పటి రాతలో కొట్టింది. అచ్చులో పాత రాత ఉంటుంది. పేరులో ఒక్క అక్షరం బొమ్మ నుంచి మారేటప్పుడే చెడి ఉండొచ్చు. ఇన్ని తలుపులకు ఒకే తాళంచెవి పెట్టి చూసి, ఇల్లే లేదనుకుంది పాపం.

తొంభై ఏళ్ల కిందట సురవరానికి కంప్యూటర్ లేదు. పత్రిక ఉంది, పోస్టు ఉంది, పట్టుదల ఉంది. ఒకరు సున్నా అంటే ‘ఎక్కడ వెతికారు?’ అని అడిగిన మనిషి ఆయన. ఈసారి కంప్యూటర్ మీతో ‘ఫలితాలు సున్నా’ అంటే వెంటనే నమ్మేయకండి. అదే ప్రశ్న దాన్నీ అడగండి.

ఆ సున్నా వెనక మూడువందల యాభై నాలుగు మంది ఉండొచ్చు!